సూపర్‌లాటిస్ కాంతి మీద ప్రాజెక్టు: ఏ పదార్థం తీసుకోవాలి?

హైదరాబాద్‌లో ఎంఎస్సీ చివరి ఏడాది ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాది ప్రతిపాదనకో సెమీకండక్టర్ సూపర్‌లాటిస్‌ల (రెండు పదార్థాల పలచటి పొరలు మార్చి మార్చి పేర్చినవి) కాంతిని అంశంగా తీసుకునేవాళ్లు ముందు వెతికేది బ్యాండ్ గ్యాప్ పట్టికనే. కాంతి పుట్టడానికి ఎలక్ట్రాన్ దూకాల్సిన శక్తి తేడాయే బ్యాండ్ గ్యాప్. 1240ని ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉన్న గ్యాప్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వచ్చేస్తుంది. దాంతో నచ్చిన రంగు దగ్గర వేలు పెట్టి పదార్థం ఖాయం చేసేస్తారు. లెక్క సరైనదే. అయితే ఆ లెక్క రంగు వరకే చెబుతుంది. ఆ రంగు డిటెక్టర్‌కి ఆనేంతగా వస్తుందా రాదా అన్నది బ్యాండ్ గ్యాప్ చెప్పదు. సిలికాన్ గ్యాప్ 1.12, గాలియం ఆర్సెనైడ్ గ్యాప్ 1.42. అంకెల్లో పెద్ద తేడా లేదు. వెలుగులో మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

అందుకే ఎంపిక చేసేటప్పుడు నేను చూడమనే వరుస వేరు. మొదటిది, మీ ల్యాబ్‌లో ఉన్న డిటెక్టర్ ఎంత దూరం చూస్తుంది, లేజర్ ఏది. రెండోది, ఆ జంట పదార్థాల్లో ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) ఒకే పొరలో చేరతాయా, వేర్వేరు పొరల్లోనా. మూడోది, శాంపిల్ ఎవరిస్తారు. బ్యాండ్ గ్యాప్ అంకె వీటి తర్వాతే.

ముందు కాస్త నేపథ్యం

రెండు సెమీకండక్టర్లను కొన్ని నానోమీటర్ల మందంతో ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి పేర్చుకుంటూ పోతే వచ్చేది సూపర్‌లాటిస్. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న లియో ఎసాకి, రాఫెల్ త్సూ ఈ ఆలోచన ముందుకు తెచ్చారు. వాళ్ల ఆసక్తి కాంతి మీద కాదు, అలాంటి కృత్రిమ స్ఫటికంలో కరెంటు ఎలా నడుస్తుందన్న దాని మీద. కాంతి వైపు కథ మలుపు తిరిగింది 1974లో. గాలియం ఆర్సెనైడ్ పొర పలచబడేకొద్దీ అది పీల్చుకునే కాంతి శక్తి మెట్లు మెట్లుగా పెరుగుతుందని బెల్ ల్యాబ్స్‌లో డింగిల్ బృందం కొలిచి చూపించింది. పుస్తకంలోని పెట్టెలో కణం లెక్కకు (గోడల మధ్య బందీ అయిన కణానికి విడివిడి శక్తి మెట్లే ఉంటాయన్న లెక్క) అది అచ్చమైన ప్రయోగ రూపం.

వైవాలో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: మీది సూపర్‌లాటిసా, మల్టిపుల్ క్వాంటమ్ వెల్లా? చిన్న గ్యాప్ ఉన్న పొర వెల్, దానికి గోడలా నిలిచే పెద్ద గ్యాప్ పొర బ్యారియర్. వెల్‌ల మధ్య బ్యారియర్ పది నానోమీటర్లు ఉంటే ఏ వెల్ లోకం దానిది, పక్క వెల్ సంగతి దానికి పట్టదు. అది మల్టిపుల్ క్వాంటమ్ వెల్. బ్యారియర్ రెండు మూడు నానోమీటర్లకు తగ్గితే ఎలక్ట్రాన్ తరంగాలు ఇటు నుంచి అటు పారి, విడివిడి మెట్లు కలిసి మినీబ్యాండ్ అవుతాయి. అప్పుడే సూపర్‌లాటిస్ అన్న పేరు పూర్తిగా సార్థకం. ప్రచురితమైన పేపర్లలో ఈ రెండు పేర్లనూ కలగలిపి వాడేస్తుంటారు. మీరు మాత్రం బ్యారియర్ మందం చూసి పేరు పెట్టండి.

ఒక చిన్న అంకె గుర్తుపెట్టుకుంటే చాలా పని జరుగుతుంది: 0.376. దీన్ని ఎలక్ట్రాన్ సాపేక్ష ద్రవ్యరాశితోనూ, నానోమీటర్లలో వెల్ మందం వర్గంతోనూ భాగిస్తే మొదటి మెట్టు ఎత్తు ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. గాలియం ఆర్సెనైడ్‌లో ద్రవ్యరాశి 0.067. పది నానోమీటర్ల వెల్‌కి 56 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. బరువైన హోల్‌కి ఇంకో పది చిల్లర. రెండూ 1.42కి కలిపితే 1.49, అంటే సుమారు 832 నానోమీటర్లు. నిజం శాంపిల్‌లో 850కి దగ్గరగా కనిపిస్తుంది. ఎందుకంటే ఈ లెక్క గోడల ఎత్తు అనంతం అనుకుంటుంది, నిజంలో ఆ గోడ ఎత్తు కండక్షన్ బ్యాండ్ (ఎలక్ట్రాన్లు తిరిగే పై శక్తి పట్టీ; హోల్‌లుండే కింది పట్టీ వేలెన్స్ బ్యాండ్) వైపు పావు ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఉండదు. వెల్ ఐదు నానోమీటర్లకు తగ్గితే ఈ సులువు లెక్క బాగా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అక్కడ నమ్మొద్దు.

డిటెక్టర్, లేజర్

ఇక్కడ సర్దుకోని ప్రాజెక్టు తర్వాత ఎక్కడా సర్దుకోదు.

చాలా ల్యాబుల్లో స్పెక్ట్రోమీటర్ వెనక ఉండేది సిలికాన్ సీసీడీ అనే కెమెరా చిప్. అది దాదాపు 1050 నానోమీటర్ల దాకా చూస్తుంది, ఆ తర్వాత గుడ్డిది. ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్ ఉంటే 900 నుంచి 1700 దాకా వెళ్లొచ్చు. మూడు మైక్రాన్లు దాటితే లోకమే వేరు. ఎఫ్‌టీఐఆర్ అనే ఇన్‌ఫ్రారెడ్ వర్ణపట పరికరం కావాలి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే డిటెక్టర్ కావాలి, పైగా గదిలో ఉన్న ప్రతి వస్తువూ, మీతో సహా, పది మైక్రాన్ల దగ్గర వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగులోంచి శాంపిల్ వెలుగును ఏరుకోవాలి.

లేజర్ విషయంలో నియమం తేలిక. లేజర్ ఫోటాన్ శక్తి మీ వెల్ గ్యాప్ కన్నా ఎక్కువుండాలి. ఆకుపచ్చ 532 నానోమీటర్ల లేజర్ అంటే 2.33 ఎలక్ట్రాన్ వోల్టులు. గాలియం ఆర్సెనైడ్‌కి అది దర్జాగా సరిపోతుంది, చుట్టూ ఉన్న బ్యారియర్‌ని కూడా వెలిగిస్తుంది. నీలం ఎల్ఈడీ పదార్థమైన ఇండియం గాలియం నైట్రైడ్‌కి అది చాలదు. దానికి 405 లేజర్ కావాలి. 3.06 ఎలక్ట్రాన్ వోల్టులున్న ఆ లేజర్ వెల్‌లను వెలిగిస్తుంది కానీ, 3.4 గ్యాప్ ఉన్న గాలియం నైట్రైడ్ బ్యారియర్‌ని తాకదు. బ్యారియర్ కూడా వెలగాలంటే 325 నానోమీటర్ల హీలియం కాడ్మియం లేజర్ ఉన్న ల్యాబ్ వెతుక్కోవాలి. బ్యారియర్‌లో పుట్టిన ఎలక్ట్రాన్లు వెల్‌లోకి ఎలా జారతాయన్నదే మీ ప్రశ్న అయితే ఈ తేడా ప్రాణప్రదం. వెల్ రంగు మాత్రమే కావాలంటే 405 చాలు.

ఒకే పొరలోనా, రెండు పొరల్లోనా

రెండు పదార్థాలు కలిసే చోట బ్యాండ్ అంచులు మూడు రకాలుగా సర్దుకుంటాయి. టైప్ వన్‌లో చిన్న గ్యాప్ ఉన్న పొరలోకే ఎలక్ట్రాన్, హోల్ రెండూ దిగుతాయి. రెండూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి నానోసెకన్లలో కలిసిపోయి కాంతి ఇస్తాయి. టైప్ టూలో ఎలక్ట్రాన్ ఒక పొరలో, హోల్ పక్క పొరలో. గోడకు అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకున్నట్టే ఉంటుంది వ్యవహారం. కాంతి రావడం ఆలస్యమవుతుంది, ఈలోగా స్ఫటికంలోని లోపాలు ఎలక్ట్రాన్లను కాజేస్తాయి. మూడో రకంలో ఒక పదార్థం వేలెన్స్ బ్యాండ్ పక్క పదార్థం కండక్షన్ బ్యాండ్ కన్నా పైన ఉంటుంది. ఇండియం ఆర్సెనైడ్, గాలియం యాంటిమొనైడ్ జంట అలాంటిదే.

ఇది పదార్థం పేరుతో శాశ్వతంగా నిర్ణయమైపోయే సంగతి అనుకోకండి. గాలియం ఆర్సెనైడ్, అల్యూమినియం ఆర్సెనైడ్ సూపర్‌లాటిస్‌నే తీసుకోండి. గాలియం ఆర్సెనైడ్ పొర మందంగా ఉన్నంత కాలం అది టైప్ వన్. పొరను పలచన చేస్తూ పోతే అందులోని ఎలక్ట్రాన్ మెట్టు పైకి లేస్తూ, దాదాపు మూడున్నర నానోమీటర్ల దగ్గర పక్కనున్న అల్యూమినియం ఆర్సెనైడ్ కండక్షన్ బ్యాండ్ అంచును దాటేస్తుంది. అక్కడి నుంచి ఎలక్ట్రాన్‌కి పక్క పొరే కింద మెట్టు. హోల్ మాత్రం పాత చోటే ఉంటుంది. పైగా అల్యూమినియం ఆర్సెనైడ్‌లో ఆ అంచు వేరే తరంగ సదిశ దగ్గర ఉంది, అంటే ఇండైరెక్ట్: ఎలక్ట్రాన్ నేరుగా హోల్‌తో కలిసి కాంతి ఇవ్వలేదు. కాంతి ఇవ్వడానికి నానోసెకన్లు పట్టిన చోట ఇప్పుడు మైక్రోసెకన్లు పడతాయి. అవే రెండు పదార్థాలు, అదే యంత్రం, మారింది మందం ఒక్కటే. పట్టిక చూసి "పలచన చేస్తే గ్యాప్ పెరుగుతుంది, ఎరుపు వస్తుంది" అనుకున్నవాళ్లకు ఎరుపు వస్తుంది, కాకపోతే మసకగా.

గాలియం ఆర్సెనైడ్ కుటుంబం

మొదటి ప్రాజెక్టుకి నా ఓటు దీనికే. గాలియం ఆర్సెనైడ్, అల్యూమినియం ఆర్సెనైడ్‌ల స్ఫటిక కొలతలు 5.653, 5.661 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒకదాని మీద ఒకటి దాదాపు ఒత్తిడి లేకుండా కూర్చుంటాయి. వందల పొరలు వేసినా పగుళ్లు రావు. సిద్ధాంతం చెప్పిన అంకె, కొలిచిన అంకె ఇంత దగ్గరగా వచ్చే జంట ఇంకోటి లేదు. ఉద్గారం 750 నుంచి 870 నానోమీటర్ల మధ్య పడుతుంది, మామూలు సిలికాన్ సీసీడీ హాయిగా చూస్తుంది.

బ్యారియర్‌లో గాలియం బదులు అల్యూమినియం ఎంత అన్నది ఆలోచించి అడగాలి. 30 శాతం అయితే బ్యారియర్ గ్యాప్ 1.80 ఎలక్ట్రాన్ వోల్టులు, ఇది పాతకాలం నుంచీ అందరూ వాడే మోతాదు. 45 శాతం దాటితే బ్యారియర్ ఇండైరెక్ట్ అవుతుంది. వెల్‌కీ బ్యారియర్‌కీ మధ్యనున్న తేడాలో కండక్షన్ బ్యాండ్ వాటా ఎంత అన్నది చాలాకాలం వివాదం. డింగిల్ మొదట 85 శాతం అన్నాడు, పుస్తకాలన్నీ అదే రాశాయి. 1980ల మధ్యలో కొత్త కొలతలు వచ్చి అది 60 చిల్లర శాతానికి దిగింది. లైబ్రరీలో పాత పుస్తకం తీసి 85తో లెక్క కడితే అంకె కలవదు, తప్పు ప్రయోగంలో వెతుక్కుంటూ కూర్చుంటారు.

గది ఉష్ణోగ్రతలో ఉద్గార వర్ణపటంలోని పీక్ వెడల్పుగా వస్తుంది. ఎక్సైటాన్ (ఒకదానికొకటి అంటుకున్న ఎలక్ట్రాన్, హోల్ జంట) బంధనశక్తి వెల్‌లో పది మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల లెక్కలో ఉంటే, గది వేడి 26. అందుకే చల్లబరచాలి. ద్రవ నైట్రోజన్ మన దగ్గర కష్టమేమీ కాదు, 77 కెల్విన్‌కే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 10 కెల్విన్‌కి వెళ్లగలిగితే ఇంకో విశేషం దొరుకుతుంది. ఈ స్ఫటికంలో ఒక్క అణు పొర మందం 0.28 నానోమీటర్లు. ఐదు నానోమీటర్ల వెల్‌లో అంత తేడా వచ్చినా మెట్టు ఎత్తు దగ్గర దగ్గర పదో వంతు మారుతుంది. పీక్ ఎంత సన్నగా ఉందో చూసి పొర ఎంత నునుపుగా పెరిగిందో చెప్పొచ్చు. ఎంఎస్సీ స్థాయిలో ఇంత శుభ్రమైన ప్రశ్న దొరకడం అరుదు.

లోపం ఏమిటంటే కొత్తదనం తక్కువ. ఐదు దశాబ్దాలుగా ఈ పొలం దున్నుతూనే ఉన్నారు. పీహెచ్‌డీకి దీన్నే తీసుకుంటే కొత్త ప్రశ్న కావాలి. మినీబ్యాండ్‌లు, విద్యుత్ క్షేత్రంలో అవి విడిపోయి మెట్లుగా మారడం అలాంటి వైపు. ఆ విడిపోవడాన్ని వానియర్ స్టార్క్ నిచ్చెన అంటారు. 1988లో ఇదే కుటుంబపు సూపర్‌లాటిస్‌లో దాన్ని కాంతితో పట్టుకున్నారు.

శాంపిల్ సంగతి. హైదరాబాద్‌లో గాలియం ఆర్సెనైడ్ అనగానే బాలాపూర్ దగ్గరున్న గేటెక్ గుర్తొస్తుంది. అది రక్షణ అవసరాలకు మైక్రోవేవ్ చిప్‌లు చేసే కేంద్రం. ప్రాజెక్టు విద్యార్థి శాంపిల్ కోసం తలుపు తట్టే చోటు కాదు. ఇండోర్‌లోని ఆర్ఆర్‌క్యాట్, ముంబైలోని టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థల్లో ఈ పొరలు పెంచే యంత్రాలున్నాయి. గైడ్ గారి పరిచయాలు ఇక్కడే పనికొచ్చేది.

గాలియం నైట్రైడ్ కుటుంబం

జీహెచ్ఎంసీ వీధి దీపాల నుంచి ఇంట్లో ట్యూబ్‌లైట్ దాకా తెల్ల ఎల్ఈడీల గుండెలో ఉన్నది ఇదే. మూడు నానోమీటర్ల లోపు మందమున్న ఇండియం గాలియం నైట్రైడ్ వెల్‌లు నీలం ఇస్తే, పైన పూసిన పసుపు ఫాస్ఫర్ దాన్ని తెలుపు చేస్తుంది. చాలా ఎల్ఈడీల్లో ఆ వెల్‌ల కింద పలచటి ఇండియం గాలియం నైట్రైడ్, గాలియం నైట్రైడ్ సూపర్‌లాటిస్ ఒకటి ఉంటుంది. అది వెలగడానికి పెట్టింది కాదు, పైనున్న వెల్‌లు బాగా వెలగడానికి పెట్టింది. ఈ కుటుంబానికి నీలం ఎల్ఈడీ రూపంలో దక్కింది 2014 నోబెల్. అకసాకి, అమానో, నకమురా పంచుకున్నారు.

గ్యాప్ పరంగా ఇంత విస్తృతి ఇంకెక్కడా లేదు. ఇండియం నైట్రైడ్ 0.7, గాలియం నైట్రైడ్ 3.4, అల్యూమినియం నైట్రైడ్ 6 పైన. పాత పట్టికల్లో ఇండియం నైట్రైడ్ పక్కన 1.9 అని ఉంటుంది, 2002 ప్రాంతంలో అది తప్పని తేలింది. ఏ ఏడాది పుస్తకమో చూసుకుని మరీ అంకె తీసుకోండి.

అయితే ఇక్కడ పెట్టెలో కణం లెక్క ఒక్కదానితో పని జరగదు. ఈ స్ఫటికాలు మామూలుగా పెంచే దిశలో వాటంతట అవే విద్యుత్ ధ్రువణం చెంది ఉంటాయి. దానికి పొరల మధ్య ఒత్తిడి తోడై, వెల్ లోపల సెంటీమీటరుకు పది లక్షల వోల్టుల స్థాయి క్షేత్రం నిలబడుతుంది. వెల్ అడుగు వంగి వాలుగా మారుతుంది. ఎలక్ట్రాన్ ఒక గోడకి, హోల్ ఎదుటి గోడకి జరుగుతాయి. టైప్ వన్ జంటే, అయినా సగం టైప్ టూ లాగా నడుస్తుంది. ఉద్గార శక్తి తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. నీలం ఎల్ఈడీల్లో వెల్‌లను అంత సన్నగా ఎందుకు పెడతారంటే ఎలక్ట్రాన్, హోల్ మరీ దూరం జరగకుండా ఉండటానికే. ఆకుపచ్చ కోసం ఇండియం పెంచితే ఒత్తిడి, దానితో క్షేత్రం, రెండూ పెరుగుతాయి. ఆకుపచ్చ ఎల్ఈడీలు నీలం కన్నా వెనకబడి ఉండటానికి ఇదొక కారణం.

కొలతలో దీన్ని పట్టుకునే దారి అందంగా ఉంటుంది. లేజర్ పవర్ పెంచుతూ పోండి. వెల్‌లో ఎలక్ట్రాన్లు, హోల్‌లు ఎక్కువై ఆ క్షేత్రాన్ని కొంత అణచివేస్తాయి, పీక్ నీలం వైపు జరుగుతుంది. గాలియం ఆర్సెనైడ్ టైప్ వన్ శాంపిల్‌లో ఇలాంటి జరుగుడు ఉండదు. చిక్కేమిటంటే టైప్ టూ శాంపిల్‌లోనూ పవర్‌తో పీక్ నీలం వైపే జరుగుతుంది, కారణం వేరైనా. కాబట్టి పవర్ ప్రయోగం ఒక్కదానితో "ఇది ఫలానా" అని రాసేయకండి. వెల్ మందాలు వేర్వేరుగా ఉన్న శాంపిళ్లు కావాలి. నైట్రైడ్‌లో వెల్ మందం పెంచితే ఉద్గారం వెల్ పదార్థం గ్యాప్ కన్నా కిందకు కూడా జారిపోతుంది. క్షేత్రం లేని టైప్ వన్ వెల్‌లో అది ఆ గ్యాప్ దగ్గర ఆగుతుంది.

నీలమణి పలక మీద పెరిగిన ఈ పొరలతో రెండు మోసాలున్నాయి. కొన్ని మైక్రాన్ల గాలియం నైట్రైడ్ పొరలో కాంతి అటూ ఇటూ తిరిగి, వెడల్పాటి నీలం పీక్ మీద సుమారు ఎనిమిది నానోమీటర్ల ఎడంతో అలలు వేస్తుంది. వాటిని వేర్వేరు పీక్‌లుగా లెక్కపెట్టి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టిన రిపోర్టులు నా కంటపడ్డాయి. ఇంకోటి, 694 నానోమీటర్ల దగ్గర సన్నగా కనిపించే ఎర్ర గీత. అది మీ శాంపిల్‌ది కాదు, నీలమణిలో చొరబడ్డ క్రోమియంది.

స్ఫటిక లోపాలు చదరపు సెంటీమీటరుకు పది కోట్ల పైన ఉన్నా ఈ పదార్థం వెలుగుతూనే ఉంటుంది. గాలియం ఆర్సెనైడ్ అయితే ఆ లోపాలతో చచ్చి ఊరుకునేది. ఇండియం ఎక్కువ తక్కువలున్న చోట్ల ఎలక్ట్రాన్లు చిక్కుకుపోయి లోపాల దాకా చేరవన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఉష్ణోగ్రతతో పీక్ స్థానం గీస్తే ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా వంకర తిరగడం ఆ చిక్కుకుపోవడానికి గుర్తు. ప్రాజెక్టుకి ఇది మంచి సరుకు. శాంపిల్ కూడా పోల్చి చూస్తే తేలిక. బెంగళూరు ఐఐఎస్సీలో నైట్రైడ్ పెంచే సౌకర్యం ఉంది, బయటివాళ్లు నానో సౌకర్యాలు వాడుకోవడానికి ఐఎన్‌యూపీ అనే కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. ఏదీ కుదరకపోతే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి నీలం, ఆకుపచ్చ, నారింజ ఎల్ఈడీలు చిల్లరకు కొనుక్కోండి. వాటిని ద్రవ నైట్రోజన్‌లో ముంచి వెలిగించండి. నారింజ ఎల్ఈడీ రంగు కంటికి తెలిసేలా పసుపు వైపు మారుతుంది. నీలంది అంతగా మారదు. ఎందుకో లెక్క కట్టడమే ఒక చిన్న ప్రాజెక్టు.

సిలికాన్, జర్మేనియం

ఆశ పుట్టించి ఉసూరుమనిపించే జంట. సిలికాన్ చిప్ మీదే లేజర్ పెట్టొచ్చన్న కల దీని వెనకుంది. రెండూ ఇండైరెక్టే అయినా, పది అణు పొరల ఆవర్తనంతో, ఉదాహరణకి సిలికాన్ ఆరు, జర్మేనియం నాలుగు పొరలుగా పేర్చితే, దూరంగా ఉన్న కండక్షన్ బ్యాండ్ అడుగు మడతపడి మధ్యకు వస్తుందని 1974లోనే సిద్ధాంతం చెప్పింది. 1987లో బెల్ ల్యాబ్స్ వాళ్లు అలాంటి పలచటి సూపర్‌లాటిస్‌లో కొత్త ఆప్టికల్ సంక్రమణాలు (మెట్ల మధ్య ఎలక్ట్రాన్ దూకుళ్లు) చూపించాక ఉత్సాహం మిన్నంటింది. మడత పడినంత మాత్రాన ఎలక్ట్రాన్ తన పాత స్వభావం మరిచిపోదు. గ్యాప్ కాగితం మీద డైరెక్ట్ అయినా, కాంతినిచ్చే బలం గాలియం ఆర్సెనైడ్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ.

స్ఫటిక కొలతల్లో 4.2 శాతం తేడా ఉండటం వల్ల డిస్‌లొకేషన్‌లు, అంటే అణు వరుసలు తప్పిన లోపాలు, తప్పవు. సిలికాన్‌లో డిస్‌లొకేషన్‌లు తామే కాంతినిస్తాయి, 0.81, 0.87, 0.93, 1.0 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. సూపర్‌లాటిస్ ఉద్గారం ఎదురుచూసేదీ సరిగ్గా ఆ ప్రాంతంలోనే. ఏది ఏదో విడదీయడానికి అప్పటి పరిశోధకులే తలలు పట్టుకున్నారు. సిలికాన్ సీసీడీకి ఆ ప్రాంతం కనబడదు కూడా.

ప్రయోగం చేస్తానంటే వద్దంటాను. సిద్ధాంతం చేస్తానంటే దీనికన్నా మంచిది లేదు. బ్యాండ్ మడత కంప్యూటర్‌లో చూసి, సంక్రమణ బలం లెక్కకట్టి, గ్యాప్ డైరెక్ట్ అవడానికీ కాంతి రావడానికీ మధ్య ఎంత దూరముందో చూపించండి. తర్వాత వచ్చిన వేరే దారులు కూడా పోల్చొచ్చు. 2015లో జర్మేనియానికి తగరం కలిపి లేజర్ చేశారు. 2020లో షట్కోణ స్ఫటిక రూపంలో పెంచిన సిలికాన్ జర్మేనియం నుంచి నిజమైన డైరెక్ట్ ఉద్గారం ఐండ్‌హోవెన్ బృందం చూపించింది.

యాంటిమొనైడ్లు, కాస్కేడ్ లేజర్లు

ఇండియం ఆర్సెనైడ్ గ్యాప్ 0.35, గాలియం యాంటిమొనైడ్ గ్యాప్ 0.73. ఇవి కలిసిన సూపర్‌లాటిస్ గ్యాప్ ఈ రెండింటికన్నా చిన్నది కావచ్చు, మందం మార్చి మూడు మైక్రాన్ల నుంచి పన్నెండు మైక్రాన్లు దాటి కూడా తిప్పొచ్చు. వినడానికి అద్భుతం. ఎలక్ట్రాన్, హోల్ వేర్వేరు పొరల్లో ఉండి హద్దు దగ్గరే కలుసుకుంటాయి కాబట్టి వెలుగు తక్కువ, పెద్ద వాడకం ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్లలో. ఎఫ్‌టీఐఆర్, చల్లబరిచే డిటెక్టర్ ముందే ఉన్న ల్యాబ్‌లో చేరితే తప్ప తీసుకోవద్దు.

క్వాంటమ్ కాస్కేడ్ లేజర్ మీద మోజుపడేవాళ్లుంటారు. 1994లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చిన ఆ లేజర్‌లో కాంతి కండక్షన్ బ్యాండ్ లోపలి మెట్ల మధ్యే పుడుతుంది, బ్యాండ్ గ్యాప్‌తో దానికి సంబంధమే లేదు. చదవండి, సెమినార్ ఇవ్వండి. ప్రాజెక్టు అంటే పొరలు వందల్లో, పైనుంచి చూస్తే కాంతి బయటికే రాదు, అంచు నుంచే చూడాలి.

పెరొవ్‌స్కైట్ పొరలు

పై అన్నిటికీ లక్షలూ కోట్లూ ఖరీదు చేసే యంత్రంలో పెరిగిన శాంపిల్ కావాలి. దీనికి బీకరు, స్పిన్ కోటర్, హాట్‌ప్లేట్ చాలు. ఫినైల్ ఇథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్ లాంటి ద్రావణాన్ని గాజు మీద తిప్పితే, లెడ్ అయొడైడ్ పొర, సేంద్రియ అణువుల పొర వాటంతట అవే మార్చి మార్చి పేర్చుకుంటాయి. ప్రకృతే కట్టిపెట్టిన సూపర్‌లాటిస్. సేంద్రియ పొర బ్యారియర్ ఎంత గట్టిదంటే మినీబ్యాండ్ ఊసే ఉండదు, ఎక్సైటాన్ బంధనశక్తి రెండు వందల మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉంటుంది. గది ఉష్ణోగ్రతలోనే 520 నానోమీటర్ల దగ్గర సన్నటి ఆకుపచ్చ పీక్. 405 లేజర్, సిలికాన్ సీసీడీ, అంతే. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో 5.4 డిగ్రీల దగ్గర మొదటి పీక్ వచ్చిందంటే పొరలు సరిగ్గా పేర్చుకున్నట్టే.

లెడ్ అయొడైడ్ పొరలు ఒకటి కాకుండా రెండు, మూడు కలిసేలా చేస్తే గ్యాప్ తగ్గుతూ పోతుంది. బ్యూటైల్ అమ్మోనియం కుటుంబంలో ఉద్గారం సుమారుగా 2.4, 2.2, 2.0 ఎలక్ట్రాన్ వోల్టులు. అడిగింది మూడు పొరలైనా ఫిల్మ్‌లో ఒకటి, రెండు, నాలుగు కూడా కలిసే వస్తాయి, శక్తి చిన్న గ్యాప్ వైపు జారిపోయి ఎరుపు ఒక్కటే వెలుగుతుంది. పీఎల్ (లేజర్ వేస్తే వచ్చే ఉద్గారం) చూసి శుద్ధత నిర్ణయించొద్దు, పీల్చుకునే వర్ణపటం కూడా తీయండి. అందులో దాగున్నవన్నీ బయటపడతాయి.

తేమ దీనికి శత్రువు. మన ఊళ్లో ఏప్రిల్, మే ఎండల్లో గాలి పొడిగా ఉండి ఫిల్మ్‌లు బాగా వస్తాయి. జూన్‌లో నైరుతి దిగగానే అదే ద్రావణం, అదే విద్యార్థి, ఫిల్మ్ మాత్రం మచ్చలు. గ్లవ్‌బాక్స్ (తేమ చొరని పెట్టె) లేని ల్యాబ్ అయితే శాంపిళ్లు వేసవిలో చేసుకుని, కొలతలు వానాకాలానికి పెట్టుకోవడం నయం. సీసం విషం కాబట్టి మిగిలిన ద్రావణం సింకులో పోయొద్దు.

శాంపిల్ ఏదీ చేతికందకపోతే

పైథాన్‌లో క్రోనిగ్ పెనీ నమూనా (వరుస గోడల మధ్య ఎలక్ట్రాన్ శక్తి లెక్క) రాసి, బ్యారియర్ మందం మారుస్తూ మినీబ్యాండ్ వెడల్పు గీయడం ఒక సెమిస్టర్‌కి సరిపడే పని. దానికి అలల పరస్పర వ్యాప్తి లెక్క తప్పకుండా జోడించండి. ఎలక్ట్రాన్, హోల్ తరంగాలు ఎంత మేరకు ఒకదానిమీదొకటి పడుతున్నాయో ఆ అంకె చెబుతుంది, కాంతి బలం దాని వర్గాన్ని బట్టే. గ్యాప్ గీత పక్కన ఈ గీత కూడా ఉంటే మీ రిపోర్టు మిగతావాటిలో కలిసిపోదు.

ఎవరికి ఏది

పొరలు పెంచే చోటుతో గైడ్‌కి పరిచయం ఉండి, 532 లేజరూ సిలికాన్ సీసీడీయూ ఉంటే గాలియం ఆర్సెనైడ్. ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. ఎల్ఈడీ పరిశ్రమ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి నైట్రైడ్, కష్టం ఎక్కువైనా ఉద్యోగ ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకుంటుంది. చేతిలో ఒకే సెమిస్టర్, బయటి నుంచి శాంపిల్ వచ్చే ఆశ లేదంటే పెరొవ్‌స్కైట్, తలుపు బయట వాన పడట్లేదంటే. గణితం ఇష్టమైతే సిలికాన్ జర్మేనియం, కాగితం మీదే.

బయటి నుంచి శాంపిల్ అడిగేటప్పుడు మెయిల్‌లో "సూపర్‌లాటిస్ కావాలి" అని ఒక్క ముక్క రాసి పంపకండి. వెల్ మందం, బ్యారియర్ మందం, మిశ్రమ శాతం, ఎన్ని ఆవర్తనాలు అన్నీ రాయండి. ఎక్కడా డోపింగ్ (వేరే అణువులు కలపడం) వద్దని చెప్పండి. వెల్ ఒక్కటే ఉన్న రిఫరెన్స్ శాంపిల్ ఇంకోటి అడగండి, అది లేకపోతే మినీబ్యాండ్ వల్ల వచ్చిన మార్పేదో చూపించడానికి పోలిక ఉండదు. వేఫర్ మధ్య ముక్కా, అంచు ముక్కా అని పొట్లం మీద రాయించుకోండి. అంచు దగ్గర పొర మందం మారుతుంది, ఆ మార్పుతో పీక్ కొన్ని నానోమీటర్లు జరిగితే దాన్ని భౌతికశాస్త్రం ఖాతాలో వేసే ప్రమాదముంది.